మడతపడని నాలుక

ఎండాకాలం వస్తే కాకులు కూడా నీడ వదలని ఒకానొక రాజ్యంలో చండవర్మ అనే రాజు ఉండేవాడు. ఆయనకు ఏ విద్య వచ్చినా అది లోకమంతటికీ రావలసిందే. రాకపోతే తప్పు లోకానిది.

ఆ ఏడు రోహిణికార్తెలో ఓ సన్యాసి ఆయనకు శీతలి ప్రాణాయామం నేర్పాడు. నాలుకను గొట్టంలా మడిచి, నోటితో గాలి పీల్చి, ముక్కుతో వదలాలి. ఒళ్లు చల్లబడుతుంది. రాజు మురిసిపోయాడు.

"రేపటి నుంచి నాలుక మడతపెట్టలేనివాడికి మా కొలువులో చోటు లేదు. ఇది మా ఆజ్ఞ!" అన్నాడు.

కొలువులో అందరినీ నవ్వించే పేరనకు ఆ మాటతో నోరెండిపోయింది. అతని నాలుక పుట్టినప్పటి నుంచీ చెక్కపలకే. ఇంటికి వెళ్లి అద్దం ముందు కూర్చుని వేళ్లతో నొక్కాడు, గరిటె కాడతో వంచాడు. అది వంగితే ఒట్టు. భార్య నరసమ్మ నవ్వలేక చచ్చింది.

"పెనం మీది అట్టయినా చుట్టుకుంటుంది గానీ మీ నాలుక చుట్టుకోదండీ!"

"నవ్వు, నవ్వు. రేపు కొలువు పోతే ఆ అట్టూ ఉండదు" అన్నాడు పేరన దిగులుగా.

మర్నాడు కొలువులో మంత్రి, సేనాపతి, పండితులు అందరూ నాలుకలు చాపి బుసబుసలాడుతున్నారు. రాజు మీసం దువ్వాడు.

"ఏం పేరనా, ఏదీ, నాలుక మడతపెట్టు, చూద్దాం."

"చిత్తం ప్రభూ. ముందు చిన్న సందేహం. ఆడిన మాట తప్పేవాణ్ణి మన జనం ఏమంటారు?"

"నాలుక మడతపెట్టాడంటారు" అని రాజు మళ్లీ నాలుక చుట్టి గాలి పీల్చాడు.

"అదే నా భయం. రాజుగారూ నాలుక మడతపెడతారు, మంత్రిగారూ మడతపెడతారు, అక్కడ కొలువు కొలువంతా అంతేనని పొరుగు రాజ్యాలకు తెలిస్తే మన మాట నమ్మేదెవరు? పరువు కోసం ఒక్క మడతపడని నాలుకనైనా ఉంచుకోండి ప్రభూ. ఇదిగో, సిద్ధంగా ఉంది!" అంటూ పేరన బారెడు నాలుక చాపాడు.

రాజుగారి నాలుక గబుక్కున లోపలికి పోయింది. మంత్రి వైపు చూశాడు. మంత్రి అప్పటికే నోరు మూసుకుని ఎటో చూస్తున్నాడు.

"సరే, సరే! ఆ ఆజ్ఞ రద్దు!" అన్నాడు రాజు.

"ఆహా! శీతలి అంటే ఇదీ!" అని పేరన చప్పట్లు కొట్టాడు. "ప్రభువులు నాలుక మడతపెట్టారు, నా ప్రాణం చల్లబడింది!"

రాజు ముఖం ఎర్రబడింది, మీసం కదిలింది, ఆ తర్వాత పొట్ట పట్టుకుని పకపకా నవ్వేశాడు. మడత విప్పని కొత్త పట్టుపంచెలు తెప్పించి పేరన చేతుల్లో పెట్టాడు.

"ఈ మడతకైతే నాకేమీ అభ్యంతరం లేదు ప్రభూ" అంటూ పేరన వాటిని కళ్లకద్దుకున్నాడు.