ఏడో తప్పు

పెడనలో నాగలింగాచారి అనే లాయరు ఒకాయన ఉండేవాడు. ఎవరైనా కుశలం అడిగితే ఎందుకడిగారా అని సాయంత్రం దాకా ఆలోచించేటంత అనుమానపు మనిషి. అతని తండ్రి కలంకారీ అద్దకానికి చెక్క అచ్చులు చెక్కేవాడు. కొడుక్కి ఉలి పట్టుబడలేదు గాని చదువు పట్టుబడింది. పెడన అచ్చుల్లోని పూలూ లతలూ ఎక్కడెక్కడి మిల్లు గుడ్డల మీదో కనిపిస్తున్నాయని ఊరివాళ్లు గోల పెడుతుంటే, అతను నలభయ్యో ఏట దూరవిద్యలో మేధో సంపత్తి చట్టం పీజీ కోర్సులో చేరాడు. అద్దకం పనివాళ్ల సంఘం పెద్ద రామకోటయ్య ఎంతో సంతోషించాడు.

"ఈ ఏడాది పరీక్ష గట్టెక్కు నాయనా. కొత్త అచ్చులన్నీ రిజిస్టరు చేయించే పని నీదే. తప్పితే మాత్రం ఆగలేం, ఇంకొకరిని చూసుకుంటాం" అన్నాడు.

ఎవరి సొత్తు వాళ్లకు దక్కాలని చెప్పే చదువు అది. నాగలింగానికి మాత్రం చదివినకొద్దీ లోకమంతా దొంగలే కనిపించసాగారు. పాఠాల పుస్తకాలు పోస్టులో వస్తే, కవరు ఎవరైనా విప్పి మళ్లీ అంటించారేమోనని ఎండకు పెట్టి చూసేవాడు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని ఊరికే అనలేదు పెద్దలు.

నెలకో ఆదివారం బెజవాడలో తరగతులు జరిగేవి. అదే కోర్సు చదివే షంషాద్ అనే లాయరు బందరులో రైలెక్కేది. పెడనలో నాగలింగం ఎక్కేసరికి అతనికి చోటు ఆపి ఉంచేది. ఎందుకు ఉంచుతోందా అని అతను రెండు నెలలు ఆలోచించాడు. ఒకసారి జ్వరం వచ్చి అతను తరగతికి వెళ్లలేకపోతే, అడక్కుండానే ఆవిడ తన నోట్సు ఇచ్చింది. అందులో ఏం మెలిక ఉందోనని ప్రతి పేజీ రెండుసార్లు వెతికాడు. ఏమీ దొరకలేదు.

తర్వాత ఆవిడ కూతురికి ఆపరేషన్ అయ్యి రెండు తరగతులు పోయాయి. డిజైన్ల చట్టం నోట్సు ఒక వారం ఇమ్మని అడిగింది. తీసుకున్నవాడు కాదనలేడు కదా. కానీ తన మాటలు ఎత్తుకుపోయి సొంతమని రాసుకుంటుందేమోనని నాగలింగానికి గుబులు పట్టుకుంది.

అప్పుడు అతనికి తండ్రి అలవాటొకటి గుర్తొచ్చింది. ఆయన ప్రతి కొత్త అచ్చులోనూ ఒక పువ్వుకు ఒక రేకు తక్కువ చెక్కేవాడు. ఎవరైనా కాపీ కొడితే ఆ లేని రేకే దొంగను పట్టిచ్చేది. నాగలింగం కూడా అలాగే చేశాడు. నోట్సుకు నకలు రాస్తూ, అందులో కావాలని ఏడు తప్పులు పెట్టాడు. ఆవిడ రాతలో ఆ తప్పులు కనిపిస్తే దొంగతనం రుజువైనట్టే. ఆ తప్పుల వల్ల ఆవిడ పరీక్ష పోతుందే అన్న ఆలోచన అతనికి రానేలేదు.

అంతటితో ఆగాడా? అసలు నోట్సూ, అంచుల నిండా తన వ్యాఖ్యలు రాసుకున్న పాఠాల పుస్తకాలూ, ఏడు తప్పుల జాబితా అన్నీ ఒక కవరులో పెట్టి, లక్క ముద్రలు వేసి, తన పేరుకే రిజిస్టర్డు పోస్టు చేసుకున్నాడు. పోస్టుముద్ర మీద తేదీ ఉంటుంది గనక అదే సాక్ష్యమని అతని లెక్క. విప్పితే సాక్ష్యం చెడిపోతుందని బీరువాలో దాచాడు.

వారానికి షంషాద్ నకలు తిరిగి ఇచ్చింది. అక్కడక్కడా పెన్సిలుతో దిద్ది ఉంది. పరీక్షలేమో రెండు నెలలు వాయిదా పడ్డాయి. నాగలింగం ఆ నకలే పెట్టుకుని చదవసాగాడు. తాను పెట్టిన తప్పుల్లో ఆరు జ్ఞాపకం ఉన్నాయి. ఆ ఆరింటినీ ఆవిడ సరిగ్గానే దిద్దింది. ఏడో దిద్దుబాటు దగ్గర అతను ఆగిపోయాడు. రిజిస్టరు చేయని డిజైనుతో ఐదు వందల సార్లకు మించి సరుకు తయారుచేస్తే దాని మీద కాపీరైటు పోతుందని నకలులో ఉంది. పక్కన ఆవిడ, 'యాభై అనుకుంటాను. ఒకసారి పుస్తకం చూడండి' అని రాసింది.

నాగలింగం ఆ పెన్సిలు రాత వంక చాలాసేపు చూశాడు. తాను పెట్టినవి ఆరో ఏడో అతనికి గట్టిగా గుర్తు లేదు. ఆరు నిజాలు చెప్పి నమ్మించి, ఏడోది అబద్ధం అంటగడుతోందని తేల్చుకున్నాడు. తాను ఆవిడకు చేసిందే ఆవిడా తనకు చేస్తోందనుకున్నాడు. కవరు విప్పితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ సాక్ష్యం చెడిపోతుందే. రబ్బరు తీసుకుని ఆ 'యాభై'ని శుభ్రంగా చెరిపేశాడు.

పరీక్షలో తప్పనిసరి ప్రశ్న అద్దకం గుడ్డల మీదే వచ్చింది. నాగలింగం ఐదు వందలని రాసి, జవాబంతా దాని మీదే కట్టాడు. ఫలితాలు వచ్చాయి. ఆ ఒక్క పేపరూ పోయింది. ఇంటికి వచ్చి లక్క ముద్రలు పగలగొట్టి జాబితా తీశాడు. 'ఏడు: యాభైని ఐదు వందలుగా మార్చాను' అని తన చేతిరాతే కనిపించింది. ఆ రోజు అతనికి అన్నం సహించలేదు.

రామకోటయ్య తానన్న మాట ప్రకారం, పరీక్ష పాసైన షంషాద్‌కు పని అప్పజెప్పాడు. మర్నాడే ఆవిడ దరఖాస్తుల కట్ట పట్టుకుని నాగలింగం ఇంటికి వచ్చింది.

"చట్టం చదివాను గాని నాకు అచ్చుల సంగతి తెలీదు ఆచారి గారూ. ఇవి మీ దగ్గర ఉంచుకుని తీరిగ్గా దిద్దిపెట్టండి" అంది.

"వీటికి నకలు ఉంచుకున్నారా?" అని అడిగాడు నాగలింగం.

"ఎందుకండీ, మీ దగ్గరే ఉంటాయిగా" అంది.

నాగలింగం తల ఎత్తలేకపోయాడు. నోట్సులో తప్పులు కావాలనే పెట్టానని, ఆవిడను దొంగగా పట్టుకుందామనే పెట్టానని, దాచకుండా చెప్పేశాడు.

"ఏడు తప్పులు కనిపించాయి. పాపం రైలు కుదుపుల్లో రాసి ఉంటారనుకున్నాను" అంది షంషాద్.

సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది నాగలింగానికి. మరుసటి ఏడాది ఆ పేపరు మళ్లీ రాసి పాసయ్యాడు గాని, ఆ మాట మాత్రం అతన్ని వదల్లేదు.

నీతి: అందరినీ దొంగలనుకునేవాడు, ఎదుటివారు నిజం తెచ్చి చేతిలో పెట్టినా దాన్ని తన చేత్తోనే చెరుపుకుంటాడు.