మలుపు దగ్గర మనిషి

ఆ ఆదివారం ఓబులేసు ఒక తండ్రి కాలరు పట్టుకున్నాడు. బుధవారానికి కూడా కోపం చల్లారలేదు. అదే కోపంతో జలాల్ సాయిబు దగ్గరికి వెళ్లాడు.

సాయిబు కడప శివార్లలో ఒక చిన్న దర్గా చూసుకునే పెద్దాయన. సైన్యం నుంచి రిటైరై వచ్చిన ఓబులేసు, తన కోపం తగ్గే దారి చెప్పమని ఆరు నెలల కిందట ఆయన్ని పట్టుకున్నాడు. ఏదో జపం చెబుతాడనుకుంటే, "మైదానంలో ఆదివారం పొద్దున పిల్లలు పరిగెత్తుతారంట. పోయి సాయం చెయ్," అన్నాడు సాయిబు.

అప్పట్నుంచి ఓబులేసు వారం వారం నారింజ రంగు కోటు తొడుక్కుని మలుపు దగ్గర నిలబడుతున్నాడు. "ఇటు, ఇటు" అని చెయ్యి చూపిస్తాడు. అంతే పని. అది పందెం కాదు. బహుమతుల్లేవు.

"ఏం జరిగింది?" అన్నాడు సాయిబు.

"ఎనిమిదేళ్ల పాప సామీ, హిమజ అని. నా ముందరే ఆయాసమొచ్చి నిలబడిపోయింది. వాళ్ల నాయన పక్కనే పరిగెత్తుకుంటా వచ్చి చెంప పగలగొట్టినాడు, వెనకబడిందని! నేను కాలరు పట్టి గుంజి చెయ్యెత్తినా. ఎవరో అడ్డం రాకుంటే వాడి పళ్లు రాలగొట్టుండేవాణ్ని. ఇప్పుడందరూ నన్నే అంటున్నారు. నాది తప్పా?"

"వాడు కొట్టింది తప్పు. నువ్వు అడ్డం పోవాల్సిందే."

"మరి వాళ్లకు చెప్పండి ఆ మాట!"

"ఆదివారం వస్తా," అన్నాడు సాయిబు.

ఆదివారం ఆయన మొక్కలకు నీళ్లు పోసే డబ్బా ఒకటి నిండుగా మోసుకొచ్చాడు. ఎవరినీ పలకరించకుండా మలుపు దగ్గరి మట్టి మీద ఆ నీళ్లన్నీ చల్లాడు. దుమ్ము అణగడానికేమో అనుకున్నాడు ఓబులేసు. అతని చూపు దారి పొడవునా కట్టిన తాడుకు అవతల నిలబడ్డ హిమజ తండ్రి మీదే ఉంది. పెద్దలెవరూ తాడు దాటకూడదని ఈ వారం కొత్తగా నియమం పెట్టారు.

ఈల మోగింది. నలభై మంది పిల్లలు మలుపు తిరిగారు. ఓబులేసు "ఇటు, ఇటు" అంటూనే ఉన్నాడు. పళ్లు బిగించి అంటున్నాడు.

అందరూ వెళ్లిపోయాక సాయిబు అతన్ని పిలిచి, "కిందికి చూడు," అన్నాడు.

తడి మట్టిలో పాదాల గుర్తులు. బూట్లవి, చెప్పులవి, ఉత్త కాళ్లవి. అన్నీ మలుపు దాకా తిన్నగా వచ్చి, అక్కణ్నుంచి పక్కకు జరిగి, దూరంగా చుట్టూ తిరిగి పోయాయి. ఓబులేసు నిలబడ్డ చోటు చుట్టూ బారెడు మేర మట్టి నున్నగా ఉంది. ఒక్క అడుగు కూడా పడలేదు.

ఒక జత చిన్న ఉత్త పాదాలైతే పొడి దుమ్ములోనే పక్కకు మళ్లాయి, అసలు తడి మట్టే తొక్కలేదు. గట్టు దిగి గడ్డిలోంచి పోయాయి. ఆ గడ్డి నిండా పల్లేరుకాయలు.

ఓబులేసు పరుగు ముగిసే చోటికి వెళ్లాడు. హిమజ నేల మీద కూర్చుని ఉంది. తండ్రి ఆమె మడమను ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క ముల్లూ తీస్తున్నాడు. "చూసుకొని పరిగెత్తలేవా?" అని గదుముతున్నాడు. నారింజ కోటు కనబడగానే పాప తండ్రి భుజం వెనక్కి నక్కింది.

ఓబులేసు తన వెనకే వచ్చిన సాయిబు వైపు తిరిగాడు. "కొట్టింది వాడు సామీ! నన్ను చూసి భయపడతాదా? నేను ఆ పాప కోసం కదా..."

"నీ కోపం న్యాయమైందే ఓబులేసూ," అన్నాడు సాయిబు. "దానికి చోటు వదిలి పక్కకు తప్పుకున్నదెవరో చూడు."

అని, వెళ్లి ఆ తండ్రి పక్కన కూర్చున్నాడు. "పాప కాలు ఇట్టా చూపీ నాయనా. నీతోనూ మాట్లాడేది ఉంది."

ఇంతలో చిన్నపిల్లల పరుగుకు ఈల మోగింది. ఓబులేసు మలుపు దగ్గరికి తిరిగొచ్చాడు. పిడికిళ్లు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. పిల్లలు దగ్గరవుతున్నారు.

ఆ తడి మట్టిలోనే మఠం వేసుకుని కూర్చున్నాడు. పిడికిలి విప్పి, దారి చూపించాడు.