గడ్డి ఎద్దు కొలత

అనగనగా ఒక అడవి అంచున ఒక పొలం. ఆ పొలమే ఒక మ్యూజియం. పాతకాలంలో సేద్యం ఎలా చేసేవారో చూడటానికి ఊళ్ళ నుంచి జనం వచ్చేవారు. అలాగని అన్నీ అద్దాల పెట్టెల్లో దాచి చూపించే చోటు కాదది. అక్కడ నిజంగానే దున్నేవారు, విత్తేవారు, కోసేవారు. పండిందే మనుషులకు అన్నం, పశువులకు మేత.

ఎండాకాలం మధ్యలో ఆ పొలానికి కర్రెడు అనే నల్లని ఎద్దు వచ్చాడు. మంచి బలశాలి. కానీ పిల్లలూ, వాడికి అన్నీ అనుమానాలే. కుడితిలో తవుడు ఎక్కువైతే ఎందుకు వేశారని అనుమానం, తక్కువైతే ఎవరు తిన్నారని అనుమానం.

మొదటి రోజు వాడు గోడకు వేలాడుతున్న నాగళ్ళనూ కాడినీ చూశాడు. ఒక్కటీ కదలడం లేదు. పనులు లేని ఎండాకాలమని వాడికి తట్టలేదు. 'ఇక్కడికొస్తే గోడెక్కడమే కాబోలు' అనుకున్నాడు.

రెండో రోజు సావిడిలో నిలబడి ఉన్న ఎర్ర ఎద్దును చూశాడు. అది రెప్ప వేయదు, తోక ఊపదు. ఈగ ముక్కు మీద వాలినా తోలుకోదు. మెడలో ఒక అట్టముక్క. చూడవచ్చిన వాళ్ళు దాని వీపు నిమిరి పోతున్నారు. కర్రెడు రెండడుగులు వెనక్కి వేశాడు. 'నాకు ముందు పనిచేసినవాడు వీడే. చంపి నిలబెట్టారు.'

మూడో రోజు పొలం చూసుకునే ఓబులమ్మ తాడు తెచ్చి వాడి పొట్ట చుట్టూ కొలిచింది. తాడుకు ముడి వేసి, "నీ కొలత బాగుండాదిరా. కోతలయినాంక నీ మాదిరే ఇంగొకటి చేపించి ఆడ నిలబెడతా" అంది.

ఇంకేముంది, 'ఆ ఎర్ర ఎద్దు పక్కన నిలబెట్టేది నన్నే' అనుకుని కర్రెడు మేత ముట్టలేదు.

పక్క గుంజకు కట్టేసిన ముసలి ఎద్దు పాలయ్య అడిగాడు. "ఏం తమ్ముడూ, మేయడంల్యా? ఏమన్నా ఉంటే చెప్పు."

కర్రెడు వాడి వైపు ఓరగా చూశాడు. నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంటూ బతికున్నాడంటే వీడూ వాళ్ళతో కలిసినవాడే అనుకున్నాడు. "ఏం లేదులే అన్నా" అని మొహం తిప్పుకున్నాడు.

మృగశిరలో వాన పడింది. నేల పదునెక్కింది. ఆ తడి మూడు రోజులే ఉంటుంది, ఆలోగా కొర్ర విత్తాలి. ఓబులమ్మ కాడి తెచ్చింది. 'విత్తితేనే కోతలు, కోతలైతే నేను సావిడిలో. నేను విత్తను' అనుకుని కర్రెడు ముందుకాలు ఎత్తి కుంటడం మొదలుపెట్టాడు.

ఓబులమ్మ కంగారుపడి గిట్ట కడిగింది, పసుపు రాసింది. 'ఊరబెట్టడానికే ఈ పసుపు' అనుకున్నాడు కర్రెడు. మర్నాడూ కుంటాడు. మూడో రోజూ కుంటాడు. ఒంటెద్దుతో విత్తే గొర్రు సాగదు. చూస్తుండగానే నేల ఆరిపోయింది.

ఆ తరువాత నెల దాటినా చినుకు లేదు. పచ్చిక మొలవలేదు. గడ్డివామి అడుగంటింది. ఒకరోజు ఓబులమ్మ సావిడిలోని ఎర్ర ఎద్దును కొట్టం ముందుకు ఈడ్చుకొచ్చి, కొడవలితో పొట్ట చీల్చింది.

కర్రెడు కళ్ళు మూసుకున్నాడు. కానీ ముక్కుకు కొర్రగడ్డి వాసన తగిలింది. కళ్ళు తెరిస్తే గాడి నిండా గడ్డి. పక్కన ఖాళీ గోనెపట్ట, ఎర్రరంగు పూసినది.

పాలయ్య నములుతూ చెప్పాడు. "పోయినేడు నేనూ, నా జోడెద్దు సెవలడూ పండించిన గడ్డే ఇది. ఏటా కోతలయినాంక గడ్డితో ఎద్దును చేసి నిలబెడతారు. జనం చూస్తారు. మేత అయిపోయినప్పుడు మనకే ఏస్తారు. ఈసారి నీ కొలతకు చేస్తామన్నారంటే గొప్పే తమ్ముడూ, మనకు మేత పెరిగినట్టే గదా."

కర్రెడు ఆ ఖాళీ గోనెపట్ట వైపే చూడటం పాలయ్య గమనించాడు.

"సెవలడా? ముసలోడైనాడు. అదిగో, మామిడితోపులో నెమరేసుకుంటా పండుకోనుండాడు."

కర్రెడికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ గడ్డి ఇద్దరికీ వారం రోజులు వచ్చింది. తరువాత ఓబులమ్మ తన కమ్మలు అమ్మి మేత కొనుక్కొచ్చింది.

మళ్ళీ వాన పడగానే కర్రెడు ఎవరూ పిలవకముందే వెళ్ళి కాడి కింద మెడ పెట్టాడు. రొప్పుతూ లాగాడు. కానీ అదను దాటిన కొర్ర మోకాలెత్తు కూడా ఎదగలేదు. కోతలయ్యాక ఓబులమ్మ రోజువారీ మేతకు పోను మిగిలిన గడ్డంతా పోగేసి గోనెపట్టలో కూరింది. ముడి వేసిన ఆ తాడు తెచ్చి దాని చుట్టూ తిప్పింది. రెండు చుట్లు వచ్చి ఇంకా మిగిలింది.

"ఈసారి దూడనే నిలబెట్టినారే?" అని ఎవరో అడిగారు.

"పండిందే అంత, నాయనా" అంది ఓబులమ్మ.

కర్రెడు ఆ గడ్డి దూడను చూసి పాలయ్య వైపు తిరిగాడు. "అన్నా, ఎండాకాలంలో అది మనకు ఎన్నాళ్ళొస్తుంది?"

వాడు నోరు తెరిచి ఒకరిని ఒక మాట అడగడం అదే మొదలు.

"రెండు దినాలు" అన్నాడు పాలయ్య.

కర్రెడు తన ముందున్న గడ్డిలో సగాన్ని మూతితో పాలయ్య వైపు నెట్టాడు.

నీతి: అనుమానం వస్తే నోరు తెరిచి అడగాలి. అడగకుండా దాచుకున్న అనుమానం మన గాడిలోని మేతనే ముందు తినేస్తుంది.