ముల్లు దిగేదాకా

చయనులు మాస్టారికి ఒక అలవాటుంది. కరెంటు పెట్టె దేన్ని ముట్టుకున్నా ముందు ఎడమ చేతిని నడుం వెనక్కి పెట్టుకుంటారు. కుడి చెయ్యి ఒక్కటే లోపలికి వెళ్తుంది. రెండు చేతులూ లోపల ఉంటే కరెంటు ఒక చేతిలోంచి ఎక్కి, గుండె మీదుగా రెండో చేతిలోంచి దిగిపోతుందని, ఒక చెయ్యి వెనక ఉంటే ఆ దారి మూసుకుపోతుందని ఆయన చెప్పేవారు. రైల్వే సిగ్నళ్ళ దగ్గర ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాక, సామర్లకోటలో ఒక సైకిల్ షాపు మీది గదిలో ఆదివారం పొద్దున్న మాలాంటి రేడియో పిచ్చివాళ్ళకి పాఠం చెప్పేవారాయన. "చెయ్యి" అని ఆయన అనడం ఆలస్యం, పదిమంది ఎడమ చేతులు వెనక్కి పోయేవి. నాకైతే ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసేటప్పుడూ అదే భంగిమ. నడుం పట్టేసిందా అని మా ఆవిడ అడిగేది.

ఆయన రెండో అలవాటు మాకెవరికీ గిట్టేది కాదు. ఆయన మెచ్చుకోరు. ఎంత గొప్పగా చేసి చూపించినా "ఊఁ" అంటారు, అంతే. ఆ ఊకారం ఎంత పొడుగు సాగిందో కొలుచుకుని మాలో మేమే సంతోషపడాలి. నేను పోస్టాఫీసులో గుమస్తాగా చేసి దిగినవాణ్ణి. తిట్లు తినడం అలవాటే గాని, ఈ ఊకారం మాత్రం నాకు మింగుడుపడేది కాదు.

ఒక ఆదివారం మాణిక్యం ఆ సంగతి అడిగేసింది. మాణిక్యం అంటే స్టేషన్ రోడ్డులో మోటార్లకి వైండింగ్ చేసే మనిషి. నలభై ఏళ్ళు ఉంటాయి. రాగి తీగ ఆమె వేళ్ళు చెప్పినట్టు వింటుంది. పదకొండేళ్ళుగా ఒక్క ఆదివారం మానకుండా ఆ మెట్లెక్కింది. మా అందరిలోకి పనిమంతురాలు ఆమే, అందులో ఎవరికీ అనుమానం లేదు.

"మాస్టారూ, ఏవనుకోకండి. మీ నోట బాగుంది అన్న మాట ఎందుకు రాదండీ?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఒక పాత శుభలేఖ వెనక బొమ్మ గీసి ఆమె చేతికిచ్చారు.

"సున్నా నుంచి నాలుగు వందల వోల్టుల దాకా ఇచ్చే సప్లై పెట్టె ఒకటి కట్టి పట్రా. ఎక్కడ తిప్పితే అక్కడ నిలబడాలి. అప్పుడు మాట్లాడుకుందాం."

కిందకి దిగుతూ మాణిక్యం నాతో అంది: "బాబాయి గారూ, ఒట్టేసి చెప్తున్నాను. ఇది చూసి కూడా బాగుంది అనకపోతే ఇంక ఈ మెట్లెక్కను." ఆమె గొంతులో ఏడుపుంది. నాకు మాస్టారి మీద నిజంగానే కోపం వచ్చింది. ఒక్క మాటకి ఆయన సొమ్మేం పోతుంది?

ఆ సప్లై కావలసిన మరో ప్రాణి మా ఇంట్లో ఉంది. మా నాన్నగారి వాల్వు రేడియో. దానిలో ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయి ఇరవై ఏళ్ళయింది. దాని వాల్వులు మేలుకోవాలంటే రెండు వందల యాభై వోల్టులు కావాలి. మాణిక్యం పెట్టె కడుతున్నన్నాళ్ళూ నేను ఆ రేడియో దుమ్ము దులుపుతూ, పెళ్ళికొడుకుని చేస్తున్నంత హడావిడి చేశాను.

ఆరు వారాలు పట్టింది. ట్రాన్స్‌ఫార్మర్‌ని ఆమె స్వయంగా చుట్టింది. రెండు వేల మూడు వందల చుట్లు, ఒక్క చుట్టు కూడా పక్కదాని మీదకి ఎక్కకుండా. నేను రోజూ సాయంత్రం షాపుకి వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. ఒకరోజు ముందుపలకకి మీటరు అమరింది. ఇంకోరోజు వోల్టేజీ పెంచి తగ్గించే పెద్ద నాబ్ వచ్చింది. లోపల డబ్బాల్లాంటి రెండు కెపాసిటర్లు నిలబడ్డాయి. కరెంటుని నింపుకుని దాచేవి అవే. వాటి పక్కన, మాస్టారు బొమ్మలో గీసిన రెండు తీగ కాళ్ళున్న ఒక చిన్న రెసిస్టరు కూడా ఉంది. దాన్ని బ్లీడర్ అంటారు. స్విచ్ ఆపేశాక కెపాసిటర్లలో మిగిలిపోయిన కరెంటుని మెల్లగా కాల్చి ఖాళీ చెయ్యడం దాని పని. పెట్టె నడుస్తున్నంతసేపూ కూడా అది కొంత తాగుతూ వేడెక్కుతూనే ఉంటుంది.

చూపించాల్సిన ఆదివారం గది కిక్కిరిసింది. సైకిల్ షాపువాడు కూడా నట్లు బిగించే పాన పట్టుకుని పైకి వచ్చేశాడు. మాణిక్యం పట్టుచీర కట్టుకుని, మాస్టారి నియమం ప్రకారం గాజులు తీసేసి, పెట్టెని బల్ల మీద పెట్టింది. మాస్టారు మీటరుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

స్విచ్ వేసింది. నాబ్ తిప్పుతుంటే మీటరు ముల్లు లేచింది. యాభై, వంద, నూట యాభై. మేమంతా పెళ్ళిలో ముహూర్తం చెప్పినట్టు పైకి చదువుతున్నాం. రెండు వందల యాభై దగ్గర ఆపింది. ముల్లు అక్కడే రాయిలా నిలబడింది. నా రేడియోలో వాల్వులు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. ముందు బుస్సుమని చప్పుడు. ఆపైన, ఇరవై ఏళ్ళ తర్వాత, మా నాన్నగారి రేడియో నోరు విప్పి, "వరిలో ఆకుముడత కనిపించిన రైతులు..." అంది.

అంతే! గది అదిరిపోయింది. ఆకుముడతకి అన్ని చప్పట్లు ఆ రైతులు కూడా కొట్టి ఉండరు. నేను ఏడ్చేశాను, దాచుకోవడం దేనికి. సైకిల్ షాపువాడు పానతో బల్ల మీద దరువు వేశాడు. "అమ్మా మాణిక్యం, నీ చేతులకి దణ్ణం పెట్టాలమ్మా" అన్నాను. ఆమె ముఖం దీపంలా వెలిగిపోయింది.

"ఇంకా ఉంది, ఆగండి బాబాయి గారూ!" అంటూ రేడియో తీగలు విప్పేసి నాబ్ చివరిదాకా తిప్పింది. ముల్లు సరిగ్గా నాలుగు వందల గీత మీద, వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగింది. మళ్ళీ చప్పట్లు. నాబ్‌ని గబగబా సున్నాకి తెచ్చి, స్విచ్ ఆపేసి, ప్లగ్గు కూడా పీకేసి మాస్టారి వైపు తిరిగింది. ఆయన ఊఁ అని కూడా అనలేదు. మీటరు వైపే చూస్తున్నారు. ఆ క్షణాన ఆయన్ని చూస్తే నాకు ఒళ్ళు మండింది.

"లోపల వైండింగ్ చూడండి మాస్టారూ, ఒక్కసారి చూడండి!" అని మాణిక్యం మూత ఎత్తేసింది. ట్రాన్స్‌ఫార్మర్‌ని పైకి వంచి చూపిద్దామని రెండు చేతులూ లోపలికి పోనిచ్చింది.

"మాణిక్యం. చెయ్యి."

మాస్టారు అరవలేదు. మామూలుగానే అన్నారు. పదకొండేళ్ళ అలవాటు ఆమె ఎడమ చేతిని పట్టి వెనక్కి లాగింది. కుడి చెయ్యి కెపాసిటర్లకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

"ముల్లు ఎంత చూపిస్తోంది?"

అప్పుడు చూశాం అందరం. స్విచ్ ఆగింది, ప్లగ్గు నేల మీద ఉంది, నాబ్ సున్నా మీద ఉంది. ముల్లు మాత్రం మూడు వందల డెబ్బై దగ్గర ఉంది. చప్పట్ల గోలలో దాని వంక చూసినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు.

మాస్టారు లేచి, ఎడమ చేతిని వెనక పెట్టుకుని, రెండు తీగలున్న టెస్ట్ బల్బు తీసి ఆ కెపాసిటర్ల కాళ్ళకి ఆనించారు. ప్లగ్గు పీకేసిన పెట్టె మీద ఆ బల్బు కళ్ళు చెదిరేలా ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. ముల్లు సున్నాకి పడిపోయింది. మాణిక్యం చెమట పట్టిన తన రెండు అరచేతులనీ చూసుకుంటూ కుర్చీలో కూలబడింది. ఇందాక నేను దణ్ణం పెట్టాలన్న చేతులవి.

"బ్లీడర్ ఏదమ్మా?"

"ఉందండి. నిన్న సాయంత్రం ఒక కాలు ఊడదీశానండి. అది ఉంటే ముల్లు మూడు వందల తొంభై రెండు దాటట్లేదు. నాలుగు వందలు కనపడాలని... చూపించేశాక మళ్ళీ అతికేద్దామనుకున్నాను. ఈ గోలలో మర్చేపోయానండి."

"ఎవరికి కనపడాలని?"

"మీకేనండి" అంది, తల వంచుకుని.

ఆయన తిట్టలేదు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించి ఆమె చేతికిచ్చారు. మాణిక్యం ఆ కాలుని తిరిగి అతికింది. మూత పెట్టకుండానే, అందరినీ దూరం జరగమని, మళ్ళీ స్విచ్ వేసి నాబ్ చివరిదాకా తిప్పింది. మూడు వందల తొంభై రెండు. స్విచ్ ఆపింది, ప్లగ్గు పీకింది. ఈసారి గదిలో ఒక్కరు కదిలితే ఒట్టు. మూడు వందలు, రెండు వందలు, వంద. యాభై, ఇరవై, ఐదు. ముల్లు సున్నా మీద ఒదిగేసరికి నిమిషం పట్టి ఉంటుంది. అంత ఉత్కంఠ నేను ఏ మ్యాచిలోనూ ఎరగను. మాణిక్యం పెద్దగా ఊపిరి వదిలి నవ్వింది.

"వచ్చే ఆదివారానికి దీనికి ఎర్ర దీపం ఒకటి పెట్టుకొస్తానండి. లోపల కరెంటు ఉన్నంతసేపూ వెలిగేట్టు."

మెట్లెక్కనన్న ఒట్టు ఆమెకి గుర్తున్నట్టు లేదు. నేనూ గుర్తు చెయ్యలేదు. అడగాల్సింది మాత్రం ఆమె మర్చిపోలేదు.

"ఇంతకీ నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు మాస్టారూ."

మాస్టారు ముల్లుని ఇంకోసారి చూసి, ఎడమ చేతిని వెనక పెట్టుకుని, కుడి చేతి వేలుని ఆ చిన్న రెసిస్టరు మీద ఆనించారు. చురుక్కుమంది కాబోలు, వెంటనే లాక్కుని వేలు ఊదుకున్నారు.

"చప్పట్లు కొట్టడానికి గదినిండా జనం ఉన్నారు" అన్నారు. "ఒకడైనా ఇలా కాలుతూ కూర్చోవాలి కదమ్మా."