నాలుగు రేకుల ప్రాజెక్టు

మా ముగ్గురికీ ఉన్నంత తెలివి విజయనగరం చుట్టుపక్కల ఇంకెవరికీ లేదని మా ముగ్గురికీ గట్టి నమ్మకం. ముగ్గురంటే నేను అప్పలస్వామిని, మా బంగార్రాజు, సుగుణ. ఎంబీయే రెండో ఏడు. క్లాసులో సార్ దగ్గితే ఎన్నిసార్లు దగ్గారో కూడా నోట్సులో రాసుకునే రకం. ఆయన చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరు. అదే మా కొంప ముంచింది.

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చెప్పేది జోగారావు సార్. కాలేజీ గేటు పక్కన నూకాలమ్మ టీ కొట్టు కప్పు మొన్నటి గాలికి ఎగిరిపోయింది. రాటలు నాలుగూ మాత్రం నిలబడే ఉన్నాయి. సార్ మాకు దాన్నే ప్రాజెక్టుగా ఇచ్చారు.

"కాలేజీ స్టోరులో రేకులున్నాయి, తీసుకోండి. శుక్రవారం నేను టీకొచ్చేసరికి ఆవిడ పొయ్యి మీద చినుకు పడకూడదు. పడిందా, మీ సబ్జెక్టు గల్లంతే. మీదేముంది, మళ్ళీ రాసుకుంటారు. పొయ్యి ఆరితే ఆవిడకి ఆ పూట తిండి లేదు. గుర్తు పెట్టుకోండి."

గుర్తు పెట్టుకున్నాం. నాలుగు రేకులు మోసుకెళ్ళి కొట్టు పక్కన పెట్టి, నూకాలమ్మకి చెప్పాం. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"నాలుగు రేకులే కదేటి బాబూ! నిచ్చెనెక్కి మేకులు కొట్టేస్తే గంటలో అయిపోద్ది."

మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుని నవ్వుకున్నాం. పాపం, చదువుకోని మనిషి!

"అలా కొట్టెయ్యకూడదు పిన్నీ. ముందు ప్లాను రాయాలి. ప్లానులో లేకుండా మేకు ముట్టుకోకూడదన్నారు సార్" అంది సుగుణ.

ప్లాను అందరికీ కనబడాలని కూడా సార్ చెప్పారు. అందరికీ కనబడేది ఏది? ఫ్లెక్సీ! అంతే, పన్నెండడుగుల ఫ్లెక్సీ కొట్టించాం. మధ్యలో ప్లాను, చుట్టూ నమస్కారం పెడుతున్న మా మూడు ఫొటోలు. ఆదివారం కాలేజీ గోడకి కట్టాం. చూసినవాళ్ళందరూ ఏ ఎలక్షన్లో నిలబడ్డారని అడిగారు.

పని వెనకబడితే ఆదుకోడానికి ఏ ప్లానులోనైనా రెండు ఖాళీ రోజులు పెట్టుకోవాలని సార్ పాఠం. ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. మంచిపని ఆలస్యమెందుకని మొదట్లోనే పెట్టేశాం. ఇంకేముంది, సోమవారం, మంగళవారం కొట్టు ముందు బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నాం.

"ఆ బిందె కాస్త ఇలా అందించు నాయనా" అంది నూకాలమ్మ.

"ఖాళీ రోజు పిన్నీ. చెయ్యి కదిపితే ప్లాను చెడిపోతుంది" అన్నాడు బంగార్రాజు.

ఆవిడ మా వంక అదోలా చూసి బిందె తనే ఎత్తుకుంది. మా పట్టుదలకి ఆశ్చర్యపోయిందనుకున్నాం.

బుధవారం సంతకాలు. పనితో సంబంధమున్న ప్రతివాళ్ళ ఒప్పుదలా తీసుకోవాలన్నారు సార్. నూకాలమ్మ వేలిముద్ర వేసింది. బల్ల కింద పడుకునే కుక్క సంగతి? కప్పు పడితే దానికీ నీడే కదా! బంగార్రాజు సిరా పూసి దాని కాలు కాగితం మీద అదమబోయాడు. అది వాడి పిక్క పట్టుకుంది. అభ్యంతరం ఉందని రాసుకున్నాం.

అప్పుడు మొదలైంది వాన. దానికీ మేం సిద్ధమే. రాగల ప్రతి ప్రమాదానికీ ఒక బాధ్యుడి పేరు రాయాలన్నారు సార్; ప్రమాదం: వాన, బాధ్యుడు: అప్పలస్వామి అని రాసేశాం. అంతే, వాళ్ళిద్దరూ వరండాలోకి పరిగెత్తారు. నేను నడి వానలో నిలబడ్డాను. అది నా వానాయె!

"నిలబడి నాన్తావేటి! రేకులెక్కించండ్రా, పొయ్యి ఆరిపోతంది!" అని కేకేసింది నూకాలమ్మ.

"రేకులు గురువారం పిన్నీ. ఇవాళ బుధవారం" అన్నాను నేను.

ఆవిడ చీర కొంగు నడుముకి బిగించింది. గోడ మీది ఫ్లెక్సీ ఊడబీకి, తనే నాలుగు రాటలకీ లాగి కట్టేసుకుంది. పొయ్యి బతికింది. కింద నుంచి చూస్తే మా ముగ్గురం ఆవిడ పొయ్యికి నమస్కారం పెడుతున్నాం.

గురువారం సుత్తీ మేకులూ పట్టుకుని వెళ్ళాం. తలలెత్తి మా ప్లాను మేమే చదివాం. ఆఖరి వరసలో ఏముంది? 'పొయ్యి మీద చినుకు పడకపోతే పని పూర్తి' అని ఉంది. పైన తుంపర, కింద పొయ్యి పొడిగా ఉంది.

"ఓర్నాయనో, పని పూర్తయిపోయింది!" అని గెంతాడు బంగార్రాజు.

మిగిలిన సామాను తిరిగి అప్పగించాలని సార్ పాఠం. నాలుగు రేకులూ మిగిలాయి. మోసుకెళ్ళి స్టోరులో అప్పగించి రసీదు తీసుకున్నాం.

శుక్రవారం సార్ వచ్చారు. కప్పు వంక చూశారు, మా ఫొటోల వంక చూశారు, పొట్ట పట్టుకుని నవ్వారు.

"సరే, చినుకైతే పడట్లేదు. పాస్! అయిదింటికల్లా ప్రాజెక్టు కాగితాలన్నీ ప్లానుతో సహా నా టేబుల్ మీదుండాలి."

నాలుగున్నరకి ఫ్లెక్సీ విప్పాం.

"ఒరే, మబ్బట్టింది, వొద్దురా!" అని నూకాలమ్మ కొస పట్టుకుని గుంజింది. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. మేం పాసయ్యామని ఆనందమనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అయిదున్నరకి కుండపోత. సార్ గొడుగేసుకుని టీకొచ్చారు. పొయ్యి బుస్సుమని ఆరింది. నూకాలమ్మ తడిసిన కట్టెల ముందు కూలబడింది.

"కప్పేదిరా?" అన్నారు సార్.

"మీ టేబుల్ మీదుంది సార్. తడవకుండా మడతపెట్టాం" అన్నాడు బంగార్రాజు.

సార్ గొడుగు తీసి నూకాలమ్మ నెత్తిన పట్టారు. ఆయన బట్టతల మీంచి నీళ్ళు కారుతున్నాయి. గట్టిగా అరిచారు.

"ఫెయిల్! ముగ్గురూ ఫెయిల్! ప్రాజెక్టు మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. ఈ క్షణమే మొదలుపెట్టండి!"

ఈ క్షణమే అన్నాక ఇంకేముంది? ప్లానులో మొదటిది ఖాళీ రోజులు. ముగ్గురం వెళ్ళి ఆ వానలోనే బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నాం.