నూకాలు వేయని దారం

అనగనగా అనగానే మీరు రాజెవరని అడుగుతారు. ఈ కథలో రాజు లేడు, రేగుచెట్టు ఉంది. ఆ చెట్టు పంగలో తెల్లని పట్టుగూడు కట్టుకొని గొంగళిపురుగులు కాపురం ఉండేవి. అన్నీ ఒక తల్లి బిడ్డలే. ఒంటినిండా నూగు, పొద్దస్తమానం ఆకలి.

ఆ ఇంట ఒక కట్టుబాటు ఉండేది. మేతకు వెళ్ళేవారు సన్నని దారం ఒకటి విడుస్తూ పోవాలి. కడుపు నిండితేనే, తిరిగి వచ్చేటప్పుడు దాని మీద రెండో దారం వేయాలి. రెండో దారం ఉంటే తక్కినవారంతా ఆ దారిన నడుస్తారు. లేకుంటే కదలరు.

ఒక ఏడు గూటి చుట్టూ ఆకులన్నీ అయిపోయాయి. మూడు రోజుల్లో మేత దొరకకపోతే ఇంటిల్లిపాదీ ఎండిపోవడమే. "నేను వెతుకుతాను" అని బయలుదేరింది అందరికన్నా చిన్నది, నూకాలు.

మొదటి రోజు ఉత్తరపు కొమ్మ చివరిదాకా పోయింది. అంతా మోడు. ఆకలితోనే తిరిగి వచ్చింది. రెండో దారం వేయలేదు.

"ఒట్టి కడుపుతో వచ్చావటే? సిగ్గు లేదూ?" అన్నాడు పెద్దన్న పెద్దిరాజు.

"కడుపు ఒట్టిదైతే దారం ఎలా వేస్తానన్నా?" అంది నూకాలు.

రెండో రోజు చిటారుకొమ్మకు పోయింది. అక్కడ లేత ఆకు కనిపించింది, పక్కనే కందిరీగా కనిపించింది. కందిరీగ తన మీదికి దూకగానే నూకాలు తల అటూ ఇటూ విదిలించింది. దెబ్బ తప్పింది. ఒక్క ఆకూ కొరకకుండా ప్రాణాలు దక్కించుకొని వచ్చింది. ఈసారీ రెండో దారం లేదు. గూటిలో అందరూ నవ్వారు. అంత ఆకలిలో నవ్వెలా వచ్చిందో నాకైతే తెలియదు!

"చూడండి నా తడాఖా" అని పెద్దిరాజు దక్షిణపు కొమ్మ పట్టాడు. సగం దూరం పోయేసరికి కాళ్ళు లాగాయి. ఒక్క ఆకూ కనబడలేదు. చెల్లెలిలా ఒట్టి కడుపుతో పోతే పరువేం కావాలి? తిరిగి వస్తూ దర్జాగా రెండో దారం వేశాడు.

అంతే, ఇంటిల్లిపాదీ బిలబిలమంటూ ఆ దారిన పోయారు. ఆకు లేదు. వెతుక్కుంటూ ఇంకా ముందుకు పోతే కొమ్మ చివర జెముడుకాకి ఉంది. నూగుకు జడిసే పిట్ట కాదది.

"రండి, రండి. భోజనం నడిచి వస్తుంటే నేనెందుకు ఎగరాలి?" అంటూ దొరికినవారిని దొరికినట్టు మింగింది. సగం మందే గూటికి చేరారు.

మూడో రోజు నూకాలు మళ్ళీ లేచింది. "వద్దమ్మా, పోకు" అన్నారు తోబుట్టువులు. "ఇంకా అంతా వెతకలేదుగా" అని పడమటి కొమ్మ పట్టింది. ఆ కొమ్మ పక్క రేగుచెట్టుకు ఆని ఉంది. అవతల అంతా పచ్చని ఆకు. ముళ్ళ గుబురు, పెద్ద పిట్ట దూరే సందు లేదు. నూకాలు కడుపారా తింది. ఎక్కడా తెగకుండా రెండో దారం వేస్తూ వచ్చింది.

గూటిలో ఎవరూ కదలలేదు. దారమంటేనే భయం పట్టుకుంది.

అప్పుడు పెద్దిరాజు లేచాడు. "నిన్న ఆకు దొరక్కుండానే దారం వేశాను. మనవాళ్ళను చంపుకున్నది నేనే. ఇది రెండు రోజులు పస్తుతో తిరిగొచ్చింది. మనం నవ్వాం. అయినా దారం వేయలేదు. ఈ రోజు వేసింది. నేను ముందు నడుస్తాను, రండి" అన్నాడు.

నడిచారు. కడుపులు నిండాయి. దక్షిణపు కొమ్మ మీద జెముడుకాకి సాయంత్రందాకా చూసి చూసి ఎగిరిపోయింది.

నవ్వులపాలైనా సరే, లేనిది లేదని చెప్పినవారి మాటే, ఉందన్న రోజున నలుగురినీ బతికిస్తుంది.