ముప్పై దగ్గర ముల్లు

"మొహం మీద అబద్ధమాడినవాడి కోసం ఇంకొకరి దగ్గర పూచీ ఉండొచ్చా, మేస్త్రీ?"

జీపు బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నూకరాజు ఈ మాట అడిగింది తన యజమాని వరహాలు మేస్త్రిని. కొండదారి ఘాటీ దిగువన, రోడ్డుపక్క రేకుల షెడ్డులో, నాలుగు చక్రాలూ లాగే పాత జీపులు బాగుచేయడంలోనే తల నెరిసిన మనిషి ఆయన. సంతకం తప్ప రాత రాదు, అంకెలు మాత్రం వస్తాయి. పనిలో నూలుపోగంత తేడా వచ్చినా ఒప్పుకోడు. పగ పట్టడంలోనూ అంతే. స్పానరు అడిగి పట్టుకెళ్లి తుప్పుతో తిరిగిచ్చిన ఒక బస్సు మెకానిక్‌తో పదకొండేళ్లుగా మాట్లాడడం లేదు. నూకరాజు ఆయన్నే ఎంచుకుని అడగడానికి కారణం కూడా అదే. ఆయన నోట "వద్దు" అనిపించుకుంటే తన మనసు కుదుటపడుతుంది.

సంగతి నూకరాజు తమ్ముడు సూరిబాబుది. జనాన్ని సంతలకి చేరవేసే తవిటమ్మ గారి ఈ జీపు మీదే డ్రైవరుగా కుదిరిన వారం రోజులకే, మూడు నెలల కిందట, ఘాటీ మలుపులో బండి అదుపు తప్పించి గట్టుకి కొట్టాడు. బండిలో సంతకి వెళ్తున్న ఒకామె చెయ్యి విరిగింది. బండిలో ఉన్నవాళ్లందరూ జోరుగా తోలాడన్నారు. సూరిబాబుది మాత్రం ఒకటే మాట: "మలుపు దగ్గర బోర్డు మీద ముప్పై ఉంది. ముల్లూ ముప్పై మీదే ఉంది." పదిమంది ఒకటి చెబుతుంటే సొంత తమ్ముడు ఇలా బొంకుతాడేమిటని నూకరాజుకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు.

ఆ పొద్దున్న తవిటమ్మ గారు జీపు తెచ్చి షెడ్డులో వదిలింది. "స్పీడు ముల్లు గంతులేస్తోంది, చూడు నాయినా. డ్రైవరెవరో సాయంత్రానికి తేల్చెయ్యాలి. మీ తమ్ముడు మళ్ళీ వస్తానని కబురెట్టాడు. నువ్వు పూచీ ఉంటే వాణ్ణే ఎక్కించుకుంటాను. లేదంటే లేదు," అని చెప్పి వెళ్లింది.

మేస్త్రి డాష్‌బోర్డు వైపు వేలు చూపించాడు. "ముందా ముల్లు సంగతి చూడరా," అన్నాడు.

నూకరాజు పనిమంతుడే. డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి స్పీడు మీటరుని తిప్పే కేబుల్ ఊడదీశాడు. కింద దూరి రెండో కొస కూడా విప్పాడు. లోపలి తీగని వేళ్లతో తిప్పితే కాస్త తిరిగి పట్టేస్తోంది, మళ్ళీ ఒక్కసారిగా జారుతోంది. పైతొడుగు ఒకచోట నలిగి, లోపల గ్రీజు ఎండి బంకలా తయారైంది. కొత్త కేబుల్ వేసి, ఎక్కడా మెలిక పడకుండా సాగదీసి బిగించాడు. అలా రోడ్డు మీద తిప్పుకొచ్చాడు.

"అయిపోయింది మేస్త్రీ. ముల్లు ఇక తొణకదు. నిలకడగా ఉంది."

"నిలకడగా ఉంది సరే. నిజంగా ఉందా?"

మేస్త్రి చేతి గడియారం విప్పి పట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. షెడ్డు ముందు నుంచి ఊళ్లోకి పోయే రోడ్డు చదునుగా ఉంటుంది, కిలోమీటరుకొక రాయి. "ముల్లు ముప్పై మీదుంచు. అటూ ఇటూ పోనియ్యకు," అన్నాడు.

ముప్పైలో పోతే రాయి నుంచి రాయికి రెండు నిమిషాలు పట్టాలి. నిమిషంన్నర పట్టింది.

"రాయి తప్పుగా పాతుంటారు మేస్త్రీ."

"అయుండొచ్చు. రెండోది చూద్దాం."

రెండోదానికీ నిమిషంన్నరే. మూడోదానికీ అంతే.

"ఏటిరా నూకా, రాళ్లన్నీ కూడబలుక్కుని నీమీద కక్షగట్టాయంటావా?"

నూకరాజు మనసులో లెక్క కట్టుకుంటున్నాడు. నిమిషంన్నరకి కిలోమీటరంటే నలభై. ముల్లు ముప్పై అంటుంటే బండి నలభైలో పోతోంది. ఘాటీ మలుపులో నలభై!

షెడ్డుకి రాగానే మళ్ళీ బండి కిందికి దూరాడు. గేరుబాక్సు వెనక, కేబుల్‌ని తిప్పే చిన్న పళ్ళచక్రం ఒకటుంటుంది. ఈ బండికి పదిహేను పళ్ళది ఉండాలి. పళ్ళు ఎక్కువైతే తీగ నెమ్మదిగా తిరుగుతుంది, ముల్లు తక్కువ చూపిస్తుంది. చక్రం ఊడదీసి లెక్కపెట్టాడు. ఇరవై. పక్కన పెట్టిన బోల్టుని గుడ్డతో తుడిచాడు. ఎవరు బిగించిన బోల్టు మీద వాళ్ల రంగు చుక్క పెట్టాలన్నది ఆ షెడ్డులో మేస్త్రి పెట్టిన కట్టడి. మడ్డి కింద ఆకుపచ్చ చుక్క కనిపించింది. ఆకుపచ్చ నూకరాజుది.

అప్పుడు గుర్తొచ్చింది. కిందటేడు మేస్త్రి కంటి ఆపరేషన్‌కి వెళ్లినప్పుడు, ఈ బండి పళ్ళచక్రం అరిగిపోయిందని, తుక్కుకి పోయే ఇంకో జీపులోంచి తీసి వేసింది తనే. సరిగ్గా కూర్చుంది, ముల్లు ఆడింది, చాలనుకున్నాడు. పళ్ళు లెక్కపెట్టలేదు. తవిటమ్మ గారి పాత డ్రైవరు ముల్లు వంక చూసే మనిషి కాదు. ఇంజను చప్పుడుని బట్టే తోలేవాడు. ముల్లుని నమ్మి తోలింది సూరిబాబు ఒక్కడే.

తవిటమ్మ గారు వచ్చేసరికి నూకరాజు నూనె చేతులతోనే ఎదురెళ్లాడు. చక్రం చూపించి జరిగిందంతా చెప్పాడు. "పూచీ ఉండాల్సింది వాడికి కాదమ్మా, నాకు. వాడు చూసిందే చెప్పాడు. తప్పుడు చక్రం వేసింది నేను."

ఆవిడ చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత ముక్కా! సరే, చెయ్యి విరిగినావిడకి ఈ మాట నువ్వే వెళ్లి చెప్పుకో. బండి తోలేది మాత్రం మీ తమ్ముడే," అని బల్ల మీద కూర్చుంది.

నూకరాజు డబ్బాలన్నీ వెతికి పదిహేను పళ్ళ చక్రం పట్టుకొచ్చాడు. "ఇది బిగించేసి వెళ్లి తమ్ముణ్ణి పిలుచుకొస్తాను మేస్త్రీ. పది నిమిషాలు."

మేస్త్రి ఆ కొత్త చక్రాన్ని అతని చేతిలోంచి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"ఆ ఇరవై పళ్ళదే మళ్ళీ పెట్టు. వెళ్లి వాణ్ణి పిలుచుకురా. నువ్వు తోలు, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకో. ఈ గడియారం వాడి చేతికిచ్చి, ముల్లు ముప్పై మీదుంచి, ఆ రాళ్ల వెంట ఒక్కసారి పోయి రండి."